ట్రాక్టరుకు, లారీకి ఆయిల్ ఫిల్టరు కొనేటప్పుడు ఏమి చూసుకోవాలి?

కొల్లూరు రైతు

సభ్యులందరికీ నమస్కారం. మాకు 45 హెచ్.పి. ట్రాక్టరు ఒకటి, పది టైర్ల లారీ ఒకటి ఉన్నాయి. తొలకరి దమ్ములు మొదలయ్యేలోపు ట్రాక్టరుకు ఆయిల్ సర్వీసు చేయించుకోవాలని స్పేర్ పార్టుల దుకాణానికి వెళితే నా ముందు మూడు ఫిల్టర్లు పెట్టారు. ఒకటి ట్రాక్టరు కంపెనీ పేరుతో వచ్చేది, రెండవది ఫిల్టర్లు తయారుచేసే పేరున్న కంపెనీది, మూడవది నేనెప్పుడూ పేరు వినని రకం. మూడవదాని ధర మొదటిదానిలో మూడో వంతు. మూడింటి ఎత్తూ లావూ ఒక్కటే, పట్టుకుంటే చేతికి తేడా తెలియదు.

నిరుడు నేను ఆ మూడవ రకమే వేయించాను. రెండు నెలలు తిరగకముందే, తెల్లవారి బండి స్టార్టు చేసినప్పుడు ఆయిల్ లైటు వెంటనే ఆరకుండా ఐదారు సెకన్ల పాటు వెలుగుతూ ఉండేది, ఆ కాసేపూ ఇంజనులో టకటకమని చప్పుడు వినిపించేది. ఒకసారి వేడెక్కిన తరువాత సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మేస్త్రి ఆయిల్ పంపును అనుమానించి సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించాలన్నారు. దించేముందు ఫిల్టరు మార్చి చూద్దామని మార్చితే, మరునాటి ఉదయానికే ఆ చప్పుడు పోయింది. పైకి ఒకే విధంగా కనిపించే రెండు డబ్బాలలో అంత తేడా ఎక్కడుంది? కొనేటప్పుడే దానిని కనిపెట్టే మార్గం ఉన్నదా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఆటోనగర్ మేస్త్రి

రైతు గారూ, మీరు చెప్పిన లక్షణాలను బట్టి పోయింది పంపు కాదు, ఫిల్టరులోని రబ్బరు వాల్వు. ఫిల్టరు మూతి వైపు చుట్టూ చిన్న రంధ్రాలు, మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం ఉంటాయి. ఆయిల్ చిన్న రంధ్రాల గుండా లోపలికి పోయి, కాగితంలో వడకట్టుకుని, మధ్య రంధ్రం గుండా ఇంజనుకు చేరుతుంది. ఆ చిన్న రంధ్రాల వెనుక గొడుగు ఆకారంలో ఒక రబ్బరు పొర ఉంటుంది. బండి ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి సంపులోకి జారిపోకుండా ఆపేది అదే. ఆ రబ్బరు నాసిరకమైతే వేడికి గట్టిపడి రంధ్రాలకు అతుక్కోదు. రాత్రంతా ఫిల్టరు ఖాళీ అవుతుంది. ఉదయం పంపు ముందు ఆ డబ్బాను నింపి, ఆ తరువాత బేరింగులకు ఆయిల్ పంపాలి. మీరు విన్న టకటక ఆ ఐదారు సెకన్లు ఇంజను ఆయిల్ లేకుండా తిరిగిన చప్పుడు.

మూతి పైకి ఉండేటట్లు నిలువుగా వేలాడే ఫిల్టరయితే ఈ వాల్వు లేకపోయినా పెద్దగా నష్టం ఉండదు. అడ్డంగా గాని, మూతి కిందికి గాని బిగించే బండ్లలో మాత్రం అది తప్పనిసరిగా బాగుండాలి. మీ ట్రాక్టరుకు ఎలా ఉందో ముందు చూసుకోండి.

దుకాణంలోనే చేయగల పరీక్ష ఒకటున్నది. సెల్‌ఫోను లైటు వేసి చిన్న రంధ్రాలలోకి చూడండి, వెనుక రబ్బరు కనిపించాలి. అగ్గిపుల్లతో మెల్లగా నొక్కితే లోపలికి వంగి, వదలగానే వెనక్కి వచ్చి అతుక్కోవాలి. కొన్ని చవక ఫిల్టర్లలో రబ్బరు అసలే ఉండదు, సూటిగా కాగితమే కనిపిస్తుంది.

పూణె ఇంజినీరు

నా స్వస్థలం నరసరావుపేట. చాలా ఏళ్లుగా పూణెలో ఫిల్టర్లను పరీక్షించే పనిలో ఉన్నాను. మేస్త్రి గారు చెప్పినది పూర్తిగా నిజం. దానికి తోడు, కాగితం గురించి, బైపాస్ వాల్వు గురించి కొంత చెబుతాను.

డబ్బా మీద "20 మైక్రాన్లు" అని అచ్చువేసి ఉంటే దానిని చూసి కొనకండి (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ సంఖ్య ఒక్కటే ఏమీ చెప్పదు. 20 మైక్రాన్ల రేణువులు వంద వస్తే ఎన్నింటిని ఆపుతుంది అన్నదే ప్రశ్న. ఐ.ఎస్.ఓ. 4548-12 అనే అంతర్జాతీయ ప్రమాణపు పరీక్షలో, లెక్క తెలిసిన ధూళిని ఆయిల్‌లో కలుపుతూ, ఫిల్టరుకు ముందూ వెనుకా రేణువులను లెక్కిస్తారు. ఆ రెండు లెక్కల నిష్పత్తిని బీటా అంటారు. బీటా 2 అంటే రెండు రేణువులు వస్తే ఒకటి దాటిపోయింది, అంటే సగమే ఆగింది. బీటా 75 అంటే 75 రేణువులకు ఒక్కటే దాటింది, అంటే 98.7 శాతం ఆగింది. ఈ రెండు ఫిల్టర్ల మీదా "20 మైక్రాన్లు" అని రాసుకోవచ్చు! మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. తిరుగుతున్న బేరింగులో ఆయిల్ పొర మందం కొద్ది మైక్రాన్లు మాత్రమే. ఆ పొరలో దూరగలిగినంత చిన్నవి, దూరాక రెండు వైపులా గీయగలిగినంత పెద్దవి అయిన రేణువులే, అంటే ఇంచుమించు 5 నుంచి 20 మైక్రాన్ల ధూళే, ఇంజనును తినేస్తుంది. కంటికి కనిపించే ఇసుక రేణువును ఏ ఫిల్టరయినా ఆపుతుంది.

అలాగని కాగితం రంధ్రాలు ఎంత సన్నగా ఉంటే అంత మంచిదని కూడా అనుకోవద్దు. సన్న రంధ్రాల కాగితాన్ని తక్కువ విస్తీర్ణంలో పెడితే అది త్వరగా మూసుకుపోతుంది. అప్పుడు బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. ఇంజనుకు ఆయిల్ అందకపోవడం కన్నా మురికి ఆయిల్ అందడమే నయం కనుక, ఫిల్టరుకు ముందూ వెనుకా ఒత్తిడి తేడా ఒక హద్దు దాటగానే ఆయిల్‌ను వడకట్టకుండానే పంపడానికి ఈ వాల్వును పెట్టారు. ఆ హద్దు ఇంజనును బట్టి మారుతుంది, ఒక దానికి ఒక బార్ దగ్గర ఉంటే మరొక దానికి రెండున్నర బార్ దాకా ఉండవచ్చు. మీ ఇంజను రెండు బార్లకు రూపొందించినది అయ్యుండి, మీరు ఒక బార్‌కే తెరుచుకునే ఫిల్టరు బిగిస్తే, చలి ఉదయాన ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడల్లా వడకట్టని ఆయిలే ఇంజనులో తిరుగుతుంది. మీటరులో ఒత్తిడి బాగానే కనిపిస్తుంది, ఏ లైటూ వెలగదు. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు ఫిల్టరు బిగించే హెడ్‌లోనే ఉంటుంది, అలాంటి బండ్ల ఫిల్టరులో అది ఉండదు. అందుకే ఎత్తూ లావూ మరా కలిసినంత మాత్రాన "సరిపోతుంది" అనకూడదు, పార్టు నంబరు కలవాలి.

కాగితం విషయంలో చూడవలసినది మడతలు. మంచి ఫిల్టరులో మడతలు లోతుగా, దగ్గరదగ్గరగా, సమానంగా ఉంటాయి. కాగితానికి రెసిన్ పట్టించి వేడిలో గట్టిపరుస్తారు కాబట్టి వేడి ఆయిల్‌లో నానినా మెత్తబడదు. నాసిరకంలో మడతలు తక్కువ, మధ్య ఎడం ఎక్కువ. కాగితం రెండు అంచులు కలిసే అతుకు వద్ద జిగురు చాలకపోతే ఆయిల్ కాగితం జోలికే పోకుండా ఆ చీలిక గుండా పారిపోతుంది. ఇవన్నీ డబ్బా లోపలి సంగతులు కనుక కొనేటప్పుడు కనిపించవు, వాడిన ఫిల్టరును కోసి చూడవలసిందే.

చీమకుర్తి లారీ

మేము గ్రానైటు రాళ్లు రవాణా చేస్తాము. క్వారీ దారిలో లేచే రాతి పొడిలో బండ్లు నడుస్తాయి. అందువల్ల ఈ విషయం మాకు నేరుగా డబ్బుతో ముడిపడినది. ఇంజినీరు గారు చెప్పినట్లు నేను ఏడెనిమిదేళ్లుగా ప్రతి ఆయిల్ సర్వీసులో పాత ఫిల్టరును కోయించి కాగితాన్ని పరిచి చూస్తున్నాను.

కాగితాన్ని పిండి ఎండలో పెట్టి, అయస్కాంతం తిప్పితే ఇనుము రజను అంటుకుంటుంది, అది లైనర్లదో రింగులదో గేర్లదో కావచ్చు. అయస్కాంతానికి అంటకుండా రాగి రంగులో మెరిసేది బేరింగులదో బుష్షులదో. వెండిలా మెరిసి అంటుకోనిది పిస్టన్లదో బేరింగు పైపూతదో. కాస్తంత రజను ప్రతి ఇంజనులోనూ ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు. గత సర్వీసుకన్నా ఒక్కసారిగా పెరిగితేనే కంగారు పడాలి. నా పాత బండి ఒకదానిలో రాగి రంగు మెరుపు చూసి వెంటనే సంపు దించితే బేరింగులు మార్చడంతో సరిపోయింది, ఇంకొక నెల తిప్పి ఉంటే క్రాంకు (బేరింగులలో తిరిగే ఇంజను ప్రధాన ఇరుసు) పోయేది.

ఒక మనవి. ఏ ఆయిల్ ఫిల్టరయినా లోపలికి వచ్చిన దుమ్మునే పట్టగలదు. రాతి పొడి ఇంజనులోకి వచ్చేది గాలి ఫిల్టరు నుంచి. గాలి గొట్టం క్లిప్పు వదులైతే, ఖరీదైన ఆయిల్ ఫిల్టరు కూడా వారంలో నిండిపోతుంది. మా బండ్ల ఆయిల్‌ను లాబ్‌కు పంపినప్పుడు సిలికాన్ (మట్టిలో, రాతి పొడిలో ఉండేది) ఎక్కువ వస్తే నేను ముందు వెతికేది గాలి గొట్టంలో చీలికనే. పొడి దుక్కిలో రోటవేటరు వేసే ట్రాక్టర్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

నల్లగొండ డ్రైవరు

పెద్దలకు రెండు సందేహాలు. మొదటిది, కొత్త ఆయిల్ పోసి కొత్త ఫిల్టరు బిగించిన రెండో రోజుకే ఆయిల్ నల్లబడింది. ఫిల్టరు పనిచేయడం లేదని యజమాని గారు అంటున్నారు. రెండవది, గిన్నెలో పెట్టే రకం ఎలిమెంటును (లోపలి వడపోత భాగాన్ని) డీజిలుతో కడిగి మళ్లీ వేయవచ్చునని మా గురువు గారు చెప్పేవారు. అది సరైనదేనా?

పూణె ఇంజినీరు

డీజిలు ఇంజనులో ఆయిల్ నల్లబడడానికి కారణం మసి. ఆ మసి రేణువులు మైక్రానుకన్నా చిన్నవి. మామూలు ఫిల్టరు కాగితం వాటిని ఆపలేదు. వాటిని ముద్ద కట్టకుండా తేలియాడేటట్లు ఉంచే మందులు ఆయిల్‌లోనే కలిపి ఉంటాయి. కనుక నల్లటి ఆయిల్ తన పని తాను చేస్తున్నదనే అర్థం. రంగు చూసి ఫిల్టరు మీద తీర్పు చెప్పకండి. ఆ మందులు అయిపోతాయి కాబట్టే ఆయిల్‌ను గడువుకు మార్చాలి.

కాగితం ఎలిమెంటును కడగకూడదు. కడిగితే పైన ఉన్న మురికి కొంత పోతుంది, కొంత కాగితం లోపలి పొరల్లోకి, శుభ్రమైన వైపుకు చేరుతుంది. మళ్లీ బిగించగానే అది నేరుగా బేరింగులకు పోతుంది. మీ గురువు గారు బహుశా ఇనుప జాలీ ఉన్న స్ట్రెయినరు గురించి చెప్పి ఉంటారు, దానిని కడుక్కోవచ్చు.

చీమకుర్తి లారీ

మసి మాటకు వస్తే, కొన్ని పెద్ద ఇంజన్లకు మామూలు ఫిల్టరుతో పాటు ఆయిల్ ఒత్తిడితో గిరగిర తిరిగే సెంట్రిఫ్యూగల్ ఫిల్టరు కూడా ఉంటుంది. ఆయిల్‌లో కొంత భాగం మాత్రమే దాని గుండా పోతుంది. దాని రోటరును విప్పితే లోపలి గోడకు వేలి మందాన గట్టి తారు లాంటి మడ్డి పట్టి ఉంటుంది, స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చులుగా ఊడుతుంది. అదంతా కాగితం ఆపలేని మసి. చాలామంది డ్రైవర్లు ఫిల్టరు డబ్బా మార్చి దీనిని విప్పడం మరచిపోతారు. మీ బండికి ఇది ఉంటే ప్రతి సర్వీసులోనూ శుభ్రం చేయించండి.

ఖమ్మం స్పేర్లు

ఇరవై ఏళ్లుగా దుకాణం నడుపుతున్నాను కనుక మా వైపు మాట కూడా చెబుతాను. ట్రాక్టరు కంపెనీలు సాధారణంగా ఫిల్టర్లను స్వయంగా తయారుచేయవు, ఫిల్టర్ల కంపెనీలు చేసి ఇస్తే తమ పేరు వేసుకుంటాయి. అందువల్ల అదే ఫిల్టరు కంపెనీ సొంత పేరుతో అమ్మే సరుకు, పార్టు నంబరు మీ బండికి చెందినదే అయితే, ధర తక్కువైనంత మాత్రాన నాసిరకం కాదు. వారంటీ ఉన్నంతకాలం మాత్రం బండి కంపెనీ పేరున్నదే వేసి బిల్లు దాచుకోండి, రేపు ఇంజనుకు ఏదైనా వస్తే ఆ బిల్లే ఆధారం.

అసలు ప్రమాదం ఆ మూడవ రకం కన్నా, మొదటి రెండింటి పేరుతో వచ్చే డూప్లికేటులో ఉంది. పేరు లేని ఫిల్టరు తన నాణ్యతను దాచుకోదు, దొంగ సరుకు దాచుకుంటుంది. డబ్బా మీద తయారీదారు చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎం.ఆర్.పి., వినియోగదారుల ఫోను నంబరు ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. ఇవి చెరిగిపోయినట్లు గాని, పైన మరొక స్టిక్కరు అంటించినట్లు గాని ఉంటే తీసుకోకండి. కొన్ని కంపెనీలు క్యూఆర్ కోడు ఇస్తున్నాయి, దుకాణంలోనే స్కాన్ చేయండి. నిజాయితీగల దుకాణదారుడు అందుకు ఏమీ అనుకోడు.

మరొక మాట. సర్వీసు అయ్యాక కంపెనీ ఖాళీ అట్టపెట్టెను మేస్త్రి దగ్గర వదిలేయకండి, అక్కడే చింపివేయండి. మంచి పెట్టెలను కొనుక్కుపోయేవాళ్లు ఉన్నారు, వాటిలోకే దొంగ ఫిల్టర్లు చేరుతాయి. బిల్లు ఉన్న సరుకులో మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. బిల్లు లేకపోతే నేనైనా మీకు సాయపడలేను.

రైతులు అప్పు మీద కొనే రోజుల్లో మాకు తక్కువ ధర సరుకు ఉంచక తప్పడం లేదన్నది నిజం. కానీ దానిని అడగకుండా ఎవరి చేతిలోనూ పెట్టకూడదని నా అభిప్రాయం.

ఆటోనగర్ మేస్త్రి

మర గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను, ఎందుకంటే దీనివల్ల ఇంజను పోవడం నా కళ్లతో చూశాను. ఫిల్టర్లలో రెండు మరలు చాలా దగ్గరగా ఉంటాయి. ఒకటి 20 మిల్లీమీటర్లది, రెండవది ముప్పావు అంగుళానిది, అంటే 19.05 మిల్లీమీటర్లు. ఒక మర గీతకూ పక్క గీతకూ మధ్య దూరం కూడా ఒకటి 1.5 మిల్లీమీటర్లు, మరొకటి 1.59కి కాస్త అటూఇటూ. 20 మిల్లీమీటర్ల ఫిల్టరును ముప్పావు అంగుళం స్టడ్డుకు తిప్పితే ఎక్కుతుంది, వాషరు ఆనుకున్నాక బిగిసినట్లు కూడా అనిపిస్తుంది. కానీ మరలు సగమే పట్టి ఉంటాయి. చెరకు లోడుతో ఉయ్యూరు వెళుతున్న ఒక ట్రాక్టరుకు ఇలాగే బిగించారు. గట్టు ఎక్కుతూ ఇంజను గట్టిగా లాగేసరికి ఫిల్టరు ఊడి పడింది. నాలుగు నిమిషాల పాటు డ్రైవరు గమనించలేదు. దారి పొడవునా ఆయిల్, చివరకు క్రాంకు బేరింగులను పట్టేసింది. కనుక కొత్త ఫిల్టరు మొదటి రెండు చుట్లలోనే వదులుగా ఊగితే ఆపేయండి, బిగించవద్దు.

అలాగే హైడ్రాలిక్ ఫిల్టరు కూడా చూడడానికి ఇంజను ఫిల్టరులాగే ఉంటుంది. కొలత కలిసిందని దానిని ఇంజనుకు వేసినవారున్నారు. దాని వాల్వులు వేరు, కాగితం వేరు.

బిగించే ముందు పాత వాషరు ఇంజను ముఖానికి అతుక్కుని లేదని వేలితో తడిమి చూడాలి. దాని మీద కొత్త వాషరు ఎక్కితే ఒత్తిడి రాగానే చిమ్ముతుంది. కొత్త వాషరుకు శుభ్రమైన ఆయిల్ రాసి, అది ఆనుకున్నాక చేత్తో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. చైన్ రెంచితో బిగిస్తే డబ్బా నొక్కుకుపోతుంది. రెంచి విప్పడానికే. నేనైతే ఫిల్టరును ఆయిల్‌తో నింపి బిగిస్తాను, టర్బోకు (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరానికి) మొదటి క్షణం నుంచే ఆయిల్ అందుతుంది.

పూణె ఇంజినీరు

మేస్త్రి గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. మధ్యలో ఉన్న పెద్ద రంధ్రం వడకట్టిన వైపు. అందులో నేరుగా పోసిన ఆయిల్ వడకట్టకుండా టర్బోకు, బేరింగులకు పోతుంది. షెడ్డులో మూత తీసి ఉన్న డబ్బాలోని ఆయిల్‌లో, గరాటులో దుమ్ము ఉంటుంది. నింపాలా వద్దా అన్నది బండి మాన్యువల్ ప్రకారం చేయాలి. నింపవలసివస్తే సీలు తీసిన కొత్త డబ్బా నుంచి చుట్టూ ఉన్న చిన్న రంధ్రాలలో నెమ్మదిగా పోయాలి.

ఆటోనగర్ మేస్త్రి

మీరు చెప్పినది సబబే. నేను ఇంతకాలం మధ్య రంధ్రంలోనే పోస్తున్నాను. చిన్న రంధ్రాలలో పోస్తే పది నిమిషాలు పడుతుందని పిల్లలు విసుక్కుంటారు. ఇకమీదట కొత్త డబ్బా నుంచే, చిన్న రంధ్రాలలోనే పోయిస్తాను. ఎలా నింపినా, స్టార్టు చేయగానే రేసు ఇవ్వకుండా ఒత్తిడి వచ్చేదాకా ఐడిల్‌లో ఉంచాలన్నది మాత్రం అందరూ పాటించాలి.

కొల్లూరు రైతు

అందరికీ కృతజ్ఞతలు. నిరుటి మూడవ రకం ఫిల్టరు పశువుల కొట్టం మూల ఇంకా పడి ఉంది. హాక్సా బ్లేడుతో కోస్తే ఇనుప రజను కలుస్తుందని మా మేస్త్రి చెప్పడంతో రేకు కోసే కత్తెరతో మూతి అంచు చుట్టూ తెరిపించాను. దాని పక్కనే, ఆ తరువాత వేయించి ఈ వారం తీసిన కంపెనీ ఫిల్టరును కూడా కోసి పెట్టాము.

మూడవ రకంలో 38 మడతలు ఉన్నాయి, కంపెనీదానిలో 61. మూడవ రకం కాగితం అతుకు వంకరగా ఉంది. ఒకచోట గోరు పట్టేంత సందు, ఆ సందు పొడవునా నల్లటి చార. ఆయిల్ అక్కడి నుంచే పారిందని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. రబ్బరు వాల్వును రెండు వేళ్లతో వంచితే ఎండిన నిమ్మతొక్కలాగా పెళుసుగా విరిగి రెండు ముక్కలైంది. కంపెనీదానిలోని రబ్బరు ఏడాదిపాటు వాడినా ఇంకా మెత్తగానే ఉంది.

మా ట్రాక్టరు ఫిల్టరు అడ్డంగా బిగించే రకమే. ఈసారి ఖమ్మం దుకాణదారు గారు చెప్పినట్లు పార్టు నంబరు సరిచూసుకుని, ఫిల్టర్ల కంపెనీ సొంత పేరుతో వచ్చే రెండవ రకాన్ని బిల్లుతో కొన్నాను. ఉదయం స్టార్టు చేస్తే లైటు రెండు సెకన్లలోపే ఆరుతున్నది. మాన్యువల్‌లో 250 గంటలకు మార్చమని ఉంది. ఇప్పటి అవర్ మీటరు 2,316. ఆ అంకెను, తేదీని పెయింటు పెన్నుతో డబ్బా మీదనే రాశాను. లారీ ఆయిల్ సర్వీసు వచ్చే నెలలో ఉంది. దానికి సెంట్రిఫ్యూగల్ ఫిల్టరు ఉన్నదో లేదో డ్రైవరుకు తెలియదన్నాడు. రేపు మాన్యువల్ తీసి నేనే చూస్తాను.